గోడ మీద మిగిలిన పేరు

"మబ్రీ వద్దు," అన్నాడు ప్రుయిట్. "మోకాలు పోయినవాణ్ణి తెచ్చుకుని ఏం చేస్తాం? గుమ్మానికి వేలాడదీస్తామా?"

గదిలో అందరూ నవ్వారు. వెండెల్ నవ్వలేదు. ప్రుయిట్ ఆ జట్టుకి పెద్ద. ఎవర్ని పిలవాలో, ఎవర్ని వదలాలో ఆయన మాటే.

కాలేజీ కుర్రాళ్ళను అమెరికన్ ఫుట్‌బాల్ జట్లన్నీ వంతులేసుకుని ఎంచుకునే మూడు రోజుల్లో అది ఆఖరి రోజు. గోడ నిండా పేర్లు రాసిన అట్టముక్కలు. ఏ జట్టు ఎవర్ని పిలిచినా ఆ ముక్క ఊడబీకుతారు. పొద్దున కిటకిటలాడిన గోడ మధ్యాహ్నానికి బట్టతలైపోయింది. జాకోరి మబ్రీ ముక్క మాత్రం అంటుకునే ఉంది, మూలన ఎర్రచుక్కతో. ఎర్రచుక్క పెట్టారంటే ఒంట్లో లోపం ఉన్నవాడని.

వెండెల్ హాస్కిన్స్ పంతొమ్మిదేళ్ళుగా ఈ జట్టుకి కుర్రాళ్ళను వెతికిపెడుతున్నాడు. మిసిసిపీలో దారి తప్పితే తప్ప కంటపడని ఒక కాలేజీలో ఈ పిల్లాణ్ణి పట్టింది ఆయనే. జోరువానలో ఆట. ఎదురొచ్చినవాణ్ణల్లా ఎత్తి బురదలో నాటేస్తున్నాడు. గొడుగు కూడా మర్చిపోయి చూశాడు వెండెల్.

అంత చిన్న కాలేజీ వాణ్ణి జట్లన్నీ కలిసి ఒంటి సత్తా చూసే పెద్ద పరీక్షలకు ఎవరు పిలుస్తారు? ఏ జట్టు డాక్టరూ ఆ పిల్లాడి కాలు పట్టుకుని చూసింది లేదు. మూడు వారాల కిందట ఒక పత్రికలో పడింది, వాడి కుడిమోకాలు లోపల చితికిపోయిందని. అంతే. జట్లన్నీ నమ్మేశాయి. తన జట్టు మాత్రం తన మాటే వింటుందనుకున్నాడు వెండెల్.

"ఆ మోకాలికి ఏమీ కాలేదు సార్."

"నీకెలా తెలుసు?"

"వాడు పరిగెత్తడం చూశాను."

"పెద్దాయన మనసు పారేసుకున్నాడు సార్," అన్నాడు వెండెల్ పక్క కుర్చీలోని కుర్ర ఉద్యోగి ట్రెంట్, కోడి రెక్క కొరుకుతూ. "ముహూర్తం పెట్టించేద్దాం."

మళ్ళీ నవ్వులు. ఐదో వంతులో ఇంకెవణ్ణో పిలిచారు. ఆరో వంతులోనూ అంతే.

జేబులో ఫోను మోగింది. వెండెల్ గది బయటికి పరిగెత్తాడు.

"వెండెల్ గారూ, నేనండీ ఎర్లీన్‌ని. జాకోరి వాళ్ళమ్మని. ఆఖరి రోజు పొద్దున్నే మీ జట్టే పిలుస్తుందన్నారు కదండీ. చర్చివాళ్ళందరికీ చేపలు వేయించాను. ఒక్కళ్ళు ముడితే ఒట్టు. వాడు పోయి ట్రక్కులో కూచున్నాడు. ఫోను నాకిచ్చేసి పోయాడు."

"ఇంకో వంతు ఉందమ్మా."

"మోకాలేంటండీ వాడికి? పొద్దున కూడా నేను పనిచేసే చేపల కార్ఖానా దాకా పరిగెత్తుకొచ్చాడు. ఎవరండీ ఆ మాటన్నది? వాళ్ళకి మేమేం అపకారం చేశాం?"

వెండెల్ గోడకి చేరగిలబడ్డాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"మీరున్నారన్న ధైర్యమేనండీ మాకు," అంది ఆవిడ. "మీరు తప్ప మాకెవరు తెలుసు?"

"చూస్తానమ్మా," అన్నాడు. ఇంకేమనగలడు?

పేరు పిలవని కుర్రాడి బతుకెంత? ఏ జట్టయినా జాలిపడి రమ్మంటే పోవాలి. లేకపోతే ఆ చేపల కార్ఖానాలో అమ్మ పక్కన కత్తి పట్టుకుని నిలబడాలి.

ఏడో వంతు వచ్చింది. మూడు రోజుల సందడికీ చిట్టచివరి పిలుపు వీళ్ళ జట్టుదే. చేతిలో నాలుగు నిమిషాలు.

వెండెల్ కూర్చోలేదు. ప్రుయిట్ బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు.

"సార్, మీ చేతులు పట్టుకుంటాను. ఈ ఒక్కణ్ణి పిలవండి."

ప్రుయిట్ ఈసారి నవ్వలేదు. కళ్ళద్దాలు తీశాడు.

"పంతొమ్మిదేళ్ళలో ఇలా అడగలేదు నువ్వు. సరే. ఆ రాసింది అబద్ధమని ఒక్క రుజువు చూపించు. ఇప్పుడే ఫోనెత్తుతాను."

ట్రెంట్ నమలడం ఆపాడు.

నెలాఖరుకి వెండెల్ ఒప్పందం అయిపోతుంది. కొత్తదాని మీద పడాల్సింది ప్రుయిట్ సంతకం. అరవై రెండేళ్ళవాణ్ణి ఇంకో జట్టు గుమ్మమెక్కనివ్వదు. ఈ పని తప్ప ఆయనకి వేరే పని చేతకాదు.

రెండు నిమిషాలు.

వెండెల్ నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి. అందరూ ముందుకి వంగారు.

ఒక నిమిషం.

"రుజువు లేదు సార్," అన్నాడు.

ఎక్కడో ఒరెగాన్‌లో బంతి తన్నే కుర్రాడొకడికి ఫోను వెళ్ళింది. అవతల వాళ్ళింట్లో కేకలు ఈ గదిలోకి వినిపించాయి. ట్రెంట్ లేచి మబ్రీ ముక్క గోడ మీంచి ఒలిచి చెత్తబుట్టలో పడేశాడు.

వెండెల్ జేబులో ఫోను మోగింది. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది.

ప్రుయిట్ వచ్చి భుజం మీద చెయ్యేశాడు.

"మనసు కష్టపెట్టుకోకయ్యా. ఆ మోకాలి సంగతి బయటపెట్టినవాడెవడో గానీ, మన జట్టుకి మేలే చేశాడు."

మిగతా జట్లన్నీ జడిసి వదిలేస్తే ఆ పిల్లాడు తమకే మిగులుతాడని, లేని మోకాలి దెబ్బని పత్రికవాడి చెవిన ఊదింది వెండెలే.