మూడో మిట్ట

"ఆగిపోయారేం? మిట్ట సగం కూడా ఎక్కలేదు!"

కోచ్ అరిచాడు గానీ ఆగలేదు. ఆయన ఎవరి కోసమూ ఆగే మనిషి కాదు.

ఆమె మోకాళ్ళ మీద చేతులానించి వంగిపోయింది. డొక్కలో పొడుస్తోంది. నోరు పిడచకట్టుకుపోయింది. తలెత్తేసరికి ఆయన తెల్ల చొక్కా పొద్దుటి మంచులో మసకబారుతోంది. పళ్ళ బిగువున మళ్ళీ పరుగందుకుంది.

ఆకులు రాలే రోజుల్లో ఆ నగరంలో మారథాన్ జరుగుతుంది. దారంతా మిట్టలూ పల్లాలే. గడియార స్తంభం దగ్గర మొదటి మిట్ట, రైలు వంతెన దాటాక రెండోది. ఆ రెండూ ఎలాగో ఎక్కేస్తోంది. వాటర్ ట్యాంకు దగ్గర మూడోదే ఆమె ప్రాణాలు తోడేస్తోంది.

ఆమెకి యాభై దాటింది. కర్టెన్లు కుట్టే దుకాణంలో పని. పొద్దస్తమానం మిషను ముందు కూర్చునే ఒళ్ళు. బస్సు కోసమైనా ఎన్నడూ పరిగెత్తి ఎరగదు. ఇది పోతే ఇంకోటి వస్తుందిలే అనుకునే రకం.

ఇప్పుడు మాత్రం తెల్లవారకముందే లేస్తోంది. ఆమె లేసులు కట్టుకునేలోపే కోచ్ వీధి మలుపు దాకా వెళ్ళిపోతాడు. పరుగున వెళ్ళి అందుకోవాలి.

మొదటి రోజు అలాగే వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన విదిలించి కొట్టాడు.

"పరిగెత్తడానికొచ్చారా, చెయ్యి పట్టుకోవడానికొచ్చారా?"

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని, "నేర్చుకోవడానికొచ్చానండీ" అంది.

"అయితే రండి" అన్నాడు.

ఒకప్పుడు ఆయన వెనక వీధి నిండా జనం పరిగెత్తేవారు. ఒక్కొక్కరే తప్పుకున్నారు. చివరికి ఈమె ఒక్కతే మిగిలింది. ఆయన మాత్రం పాఠం తప్పేవాడు కాదు. "భుజాలు వదులుగా ఉంచండి. చూపు ముందుకి. మిట్ట ఎక్కేటప్పుడు అడుగు చిన్నది చెయ్యండి." రోజూ అవే ముక్కలు. ఆమె రోజూ కొత్తగా విన్నట్టు తలూపేది.

దుకాణంలో బట్ట కత్తిరించే ఆవిణ్ణి అందరూ కత్తెరమ్మ అంటారు. ఆవిడ చేతిలోదీ పదునే, నోట్లోదీ పదునే.

"పొద్దున చూశాలే మిమ్మల్ని. ముందు ఆయన, వెనక నువ్వు. పోలీసు దొంగని తరుముతున్నట్టుంది" అంటూ పకపకా నవ్వింది. మిషను కింద వాచిపోయిన ఆమె పాదాలు కనిపించేసరికి నవ్వు మానేసింది. "ఆయనకి కాలు ఆగదు, నీకు కాలు సాగదు. ఎందుకే తల్లీ ఈ యాతన?"

"పక్కన పరిగెత్తాలక్కా. వెనక కాదు, పక్కన. మారథాన్ చివరిదాకా."

"పోనీ, వచ్చే ఏడాది పరిగెత్తకూడదూ?"

ఆ మాట ఆమె అంతకుముందే డాక్టర్నీ అడిగి చూసింది. డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "వచ్చే ఏడాది మీద ఆశ పెట్టుకోకండమ్మా. ఏం చేసినా ఈ ఏడాదే" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆమె లిఫ్టు ఎక్కడం మానేసింది. కర్టెన్ల మూటలు భుజాన వేసుకుని మేడమెట్లన్నీ ఎక్కి ఇచ్చి వచ్చేది.

ఆదివారం కూతురొచ్చింది. తల్లి మోకాళ్ళకి ఐసు పెడుతూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"రోజూ అన్ని మాటలు పడుతూ ఎందుకమ్మా వెళ్ళడం? ఇంకెవరినైనా చూద్దాం. పరిగెత్తే కుర్రాళ్ళు బోలెడుమంది ఉన్నారు."

"వద్దు. ఇది ఇంకొకరి వల్లయ్యే పని కాదు."

"నీ వల్ల మాత్రం అవుతుందా?"

ఆమె ఐసుని రెండో మోకాలి మీదికి జరుపుకుంది.

మారథాన్ దగ్గర పడుతుండగా ఒక పొద్దున వాటర్ ట్యాంకు మిట్ట మీద ఆమె పిక్క పట్టేసింది. రోడ్డు మీద కూలబడిపోయింది.

"కోచ్ గారూ! ఆగండి! మీకు దణ్ణం పెడతా, ఆగండి!"

ఆయన వెనక్కి తిరిగైనా చూడలేదు. మిట్ట దాటి అవతలికి దిగిపోయాడు.

ఆమె గొల్లుమంది. కుంటింది, పడింది, రెయిలింగు పట్టుకుని లేచింది, కాలీడ్చుకుంటూ పైకి చేరింది. అవతల కింద, నాలుగు రోడ్ల కూడలి. దాని మధ్యలో ఆయన నిలబడి ఉన్నాడు. కార్లు హారన్లు కొడుతూ పక్కనుంచి పోతున్నాయి. ఆమె పడుతూ లేస్తూ వెళ్ళి ఆయన ముందు నిలబడింది.

"మీ కోసం ఆగాననుకోకండి" అన్నాడు కోచ్ చిరాగ్గా.

ఆమె ఏడుస్తూనే నవ్వింది. "అనుకోనండీ. ఎటు వెళ్దాం? ఇటే కదూ?" అంది.

మారథాన్ రోజు రానే వచ్చింది. జనం మధ్య ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు. ఆమె పళ్ళు టకటకలాడుతున్నాయి. చలి సగం, భయం సగం. రాత్రంతా కునుకు లేదు. ఆ మూడో మిట్ట మీద కాలు మళ్ళీ పట్టేస్తే? ఇంత జనంలో ఆయన ముందుకెళ్ళిపోతే? దేవుడా, ఆ ఒక్కటీ దాటించు, తరవాత ఈ కాళ్ళు ఏమైపోయినా ఫరవాలేదు అని మొక్కుకుంది.

"భుజాలు వదులుగా ఉంచండి" అంటూ కోచ్ పాఠం మొదలుపెట్టాడు. ఆమె తలూపింది.

పాఠం అయ్యాక ఆయన ఆమె వంక కాసేపు చూశాడు.

"భయపడకండి. బాగా పరిగెత్తుతారు మీరు."

ఇన్నాళ్ళలో ఆయన నోట వచ్చిన మొదటి మంచి మాట అది. మైకులో అంకెలు లెక్కపెడుతున్నారు. ముందు వరుసలు కదులుతున్నాయి.

"మా ఆవిణ్ణి ఎన్నేళ్ళు బతిమాలినా ఒక్కసారీ నాతో పరుగుకి రాలేదండీ, ఇవాళైనా వచ్చుంటే ఎంత బావుండేదో!" అన్నాడు కోచ్, పెళ్ళినాటి నుంచీ తనతో కాపురం చేస్తున్న ఆమె కళ్ళలోకి చూస్తూ.