పాలు పోసిన మందుకొమ్ము

కొమ్ములతో దువ్వెనలూ అవీ చేసే మేస్త్రీ పెరట్లో వంకరయ్య అనే ముసలి ఎద్దు ఉండేవాడు. "నా కొమ్ములు దువ్వెనకి కూడా పనికిరావన్నాడు మేస్త్రీ. అందుకే ఇంకా నెత్తిమీదున్నాయి," అని తనమీద తనే నవ్వుకునేవాడు.

పెరటి అరుగుమీద కొత్తగా నునుపు చేసిన గేదెకొమ్ము ఆరుతోంది. తుపాకిమందు పోసుకోవడానికి ఒక వేటగాడు చెప్పి చేయించుకుంటున్నది.

"రేపు వేటగాడి భుజమెక్కుతున్నా మామా!" అంది కొమ్ము.

"ఎక్కుదువుగానిలే కోడలుపిల్లా. ముందు కిందకి చూడు."

కింద గేదెదూడ నీరసించి పడుంది. తల్లి పోయినప్పట్నుంచీ గిన్నెలో పాలు ముట్టడం లేదు. అరుగుమీదున్న కొమ్ము ఆ తల్లిదే. రోజూ దూడ వీపు గోకిందీ ఇదే.

కొమ్ము అరుగు అంచు నుంచి దూడని చూసింది.

"ఒక్కసారి మందు పోశారంటే ఇంక పాలకి పనికిరాను. నన్ను కిందకి తోసెయ్ మామా."

వంకరయ్య తన వంకర కొమ్ముతో మెల్లగా నెట్టాడు. దూడ వాసన చూసి, కొమ్ము కొనని చప్పరించింది. అది చూసిన మేస్త్రీ కొనకి పెట్టిన బిరడా పీకేసి, వెడల్పు వైపు నుంచి పాలు పోశాడు. దూడ గుటకలు వేసింది.

"అయ్యో, వేటగాడి భుజం దక్కలేదే కోడలుపిల్లా!" అని ఎగతాళి చేశాడు వంకరయ్య.

"ఉష్! మెల్లగా మామా. నన్ను నోట్లో పెట్టుకునే నిద్రపోయింది."