పెద్దయ్యగారి తాళం

"ఆర్గాన్ మూత మళ్ళీ తెరిచావా?" అంది కార్యదర్శి.

చర్చి తుడిచే ఆయమ్మ చీపురు ఆపింది. "నేనా? తాళంచెవి మీ సంచిలోనే ఉంది కదమ్మా."

కార్యదర్శి సంచి తడుముకుంది. తాళంచెవి భద్రంగానే ఉంది. ఈ వారంలో ఇది మూడోసారి.

ఆ తాళం వేసింది ఆమె తండ్రి. నలభయ్యేళ్ళు ఈ సంఘానికి పాస్టరు, అందరికీ పెద్దయ్యగారు. ఆయన ఎదుట నోరెత్తడానికి గోడ మీది బల్లికి కూడా ధైర్యం చాలేది కాదు. ఆర్గాన్ వాయించే మేష్టారు ఊరు విడిచి వెళ్ళిన రోజున తాళం వేశాడు. తను చనిపోయేదాకా ఇంకెవర్నీ దాని మీద వేలు పెట్టనివ్వలేదు. ఎందుకని అడిగితే ఇంట్లో రెండ్రోజులు మాటలుండేవి కావు.

"పెద్దయ్యగారికి ఇష్టం లేదమ్మా," అంది ఆయమ్మ గొంతు తగ్గించి. "ఈ ఓటు మాట ఎత్తినప్పట్నుంచే ఇదంతా."

ఓటు ఆ ఉదయమే, ప్రార్థన అవగానే. స్వలింగ ప్రేమికులనూ ట్రాన్స్‌జెండర్లనూ సంఘంలోకి మనస్ఫూర్తిగా ఆహ్వానించాలా, వద్దా?

"మా ఇద్దర్నీ రమ్మన్న రోజున వస్తానమ్మా," అని ఆరేళ్ళ క్రితం కార్యదర్శి కొడుకు తను ప్రేమించిన అబ్బాయితో ఈ మెట్లు దిగి వెళ్ళాడు. అప్పట్నుంచీ ఆమె ప్రతి ఆదివారం పక్క సీట్లో తన సంచి పెడుతుంది, ఇంకెవరూ కూర్చోకుండా.

ఆమె తన చేత్తో ముద్ర వేసిన చీటీలు ముప్ఫై ఎనిమిది, మనిషికొకటి పంచింది. ఈ పద్ధతి పెద్దయ్యగారు పెట్టిందే. పేరు రాయకూడదు. టిక్కు కింద మనసులో మాట ఒకటి రాసుకోవచ్చు. మనుషులకు చెప్పలేనిది దేవుడికి చెప్పుకోండి, అనేవాడు.

చీటీలు పెట్టెలో పడుతుండగా ఆర్గాన్ ఒక్క స్వరం పలికింది. సన్నగా, చాలాసేపు. దాని ముందు స్టూలు ఖాళీగా ఉంది.

"కోప్పడుతున్నారు," అని ఎవరో గొణిగారు.

కార్యదర్శి ఆర్గాన్ వైపు చూసింది. ఇవాళ ఒక్కరోజు ఊరుకో నాన్నా, అనుకుంది.

అవును పందొమ్మిది. కాదు పందొమ్మిది. సరిసమానమైతే తీర్మానం వీగిపోయినట్టే. ఆమె కళ్ళు పక్క సీట్లోని సంచి మీదికి పోయాయి.

కుర్ర పాస్టరు నుదురు తుడుచుకుని పెట్టె బోర్లించాడు. అడుగున అంటుకున్న ఇంకో చీటీ రాలింది.

"ఇచ్చింది ముప్ఫై ఎనిమిదే కదమ్మా?"

"అంతే."

ఆమె చీటీ విప్పింది. ముద్ర తనదే. పచ్చ సిరా. కాగితం చిరిగేలా ఒత్తి రాసిన అక్షరాలు. ఆ పచ్చ సిరా కలాన్ని శవపేటికలో నాన్న జేబుకు పెట్టింది తనే.

"ఎటమ్మా?" అన్నాడు పాస్టరు.

"అవును," అంది ఆమె. నమ్మలేక మళ్ళీ చూసింది. టిక్కు అవును మీదే ఉంది. దాని కింది వాక్యం మాత్రం పైకి చదవలేకపోయింది.

'మేష్టారిని నేనూ ప్రేమించాను.'