ఉడత పెంచిన అత్తిపత్తి

పెరట్లో పగిలిన కుండలో ఉడత ఒక అత్తిపత్తి మొక్కను పెంచుకుంటోంది. ఆకుదొన్నెతో నీళ్లు మోసుకొచ్చి పోసేది. పొద్దున్న లేవగానే, బతికే ఉందా అని ఆకుల్ని తట్టి చూసేది. అవి ముడుచుకుంటే పొంగిపోయేది.

"రండి, రండి! నా మొక్క సిగ్గుపడుతుంది చూద్దురుగాని!" అని పెరట్లోకి వచ్చినవాళ్లందర్నీ పిలిచేది. కోడి ముక్కుతో తట్టేది, తొండ తోకతో తట్టేది. ఎవరూ రాని పూట ఉడత తనే తట్టేది.

ఒకరోజు ఎంత తట్టినా ఆకులు ముడుచుకోలేదు.

"హమ్మయ్య, మనకి అలవాటుపడిపోయింది!" అని ఉడత కుండ మీద గెంతింది. ఆ అదురుకి ఆకులన్నీ జలజలా రాలిపోయాయి.

ఉడత రాలిన ఆకుల్ని ఏరి పట్టుకుంది. "అయ్యో! ఒక్కపూట కూడా నీళ్లు తప్పలేదే!"

కుండ అంచున ఉన్న నత్త మెల్లగా తల బయటపెట్టింది. "ఆకు విచ్చుకుంటేనే కదమ్మా దానికి ఎండ అందేది. మీరు విచ్చుకోనిచ్చారా?"

"ఇంత తెలిసినదానివి, ముందే చెప్పి చావొచ్చుగా!"

"చెబుదామనే తల బయటపెట్టేదాన్ని. పెట్టినప్పుడల్లా నన్నూ తట్టేదానివి."

ఉడత చూసుకునేసరికి, తన చెయ్యి అప్పటికే నత్త తలదాకా వెళ్లి ఉంది.