పాతాయన తల

రోములో కొత్త చక్రవర్తి గద్దెనెక్కాడు. లెప్టిస్ ఊరి గోదాలో మాత్రం ఇంకా పాతాయన విగ్రహమే నిలబడి ఉంది. రాతి ఒంటిని మార్చడం దండగ, తల మారిస్తే దేవుడు మారినట్టే. తెల్లవారితే కొత్తాయనకు పూజ, ఆ వెంటనే మల్లుల కత్తిపోరు. అందుకే శిల్పి ఇద్దిబాల్ ఆ రాత్రి కొత్తాయన తల, దీపం మోసుకుని ఒంటరిగా గోదాలోకి దిగాడు.

పాత తలను ఊడదీసి ఇసుకలో పెట్టాడు. దాని మెడ కింద ఇసుక మెల్లగా తడిసింది. వేలు పెడితే వెచ్చగా తగిలింది.

"తాతా, ఇక్కడ నెత్తురు పడ్డ ఇసుక మార్చలేదా?" అని కేకేశాడు.

"సాయంత్రమే మార్చాం కదరా!" ద్వారం దగ్గర్నుంచి ముసలి కాపలాదారు ముత్తున్ అరిచాడు. "పని కానీయ్. పొద్దున పూజారి వచ్చేసరికి అక్కడ తల లేకపోతే నీది పెడతాడు."

ఇద్దిబాల్ వేలు తుడుచుకున్నాడు. కొత్త తలను రొమ్ముకానించి ఎత్తి మెడ గుంటలో దించాడు. అది కూర్చోలేదు. అంచు చెక్కి మళ్ళీ దించినా, లోపల్నుంచి ఎవరో నెట్టినట్టు పైకి లేచింది. కింద పాత తల దగ్గర సన్నగా ఊపిరి వినిపించింది.

గోదాలో పడిపోయినవాణ్ణి సుత్తివాడు వచ్చి నుదుటిమీద కొట్టాకే బయటికి ఈడుస్తారు. అంతవరకూ వాడు పోయినట్టు కాదు. ఈయనకి ఆ దెబ్బ ఎవరూ వెయ్యలేదు.

"నా పని నేను చెయ్యాలి, దొరా," అంటూ ఇద్దిబాల్ సుత్తి ఎత్తి పాత తల నుదుటిమీద గట్టిగా కొట్టాడు.

ఊపిరి ఆగింది. కొత్త తల తనంతట తానే మెడలోకి దిగి బిగుసుకుంది.

కాసేపటికి ఊపిరి మళ్ళీ మొదలైంది. ఈసారి పైనుంచి, కొత్త తలలోంచి.

ఇద్దిబాల్ సుత్తి కింద పెట్టలేదు.