పదికి మూడు

"టీ?" అంది షైబి, పెన్ను మూత తీస్తూ.

"చల్లారిపోయాక తెస్తారు. పదికి మూడు వెయ్యి," అంది వాళ్లమ్మ అన్నక్కుట్టి.

తలుపు అవతల, పొగలు కక్కుతున్న టీ గ్లాసులతో వస్తున్న బిన్సీ అక్కడికక్కడే ఆగిపోయింది.

మీనచ్చిల్ ఏటి గట్టున ఉన్న ఈ వృద్ధాశ్రమంలో బిన్సీ హెడ్ నర్సు. పదకొండేళ్ల సర్వీసు. కిందటి నెల ఇక్కడి నుంచి ఇద్దరు కొండమీద ఉన్న ఇంకో ఆశ్రమానికి మారిపోయారు. "మూడో మనిషి కూడా వెళ్తే, వాళ్ల పెట్టె మోసుకుంటూ నువ్వూ బయల్దేరు," అన్నాడు ఆశ్రమం నడిపే ఫాదర్, నవ్వుతూ. ఆయన చెయ్యదలచుకున్నవన్నీ నవ్వుతూనే చెబుతాడు.

ఎవరు వెళ్లినా అన్నక్కుట్టి మాత్రం కదలదని బిన్సీకి ధీమా. డెబ్బై నాలుగేళ్ల ఆవిడ తుంటి ఎముక విరిగి మొదట చేరింది ఆ కొండమీదే. పదిహేను రోజులు తిరక్కుండా ఇక్కడికొచ్చి పడింది. "అక్కడ గంజి అంటే బియ్యం స్నానం చేసిన నీళ్లు. బెల్లు కొడితే నర్సు కంటే ముందు పునరుత్థాన దినం వస్తుంది," అని చెప్పి మొదటిరోజే హాలంతా నవ్వించింది.

నెల రోజుల చికిత్స అన్నారు. ఏడు నెలలైంది. ఎముక అతుక్కుంది. ఎముకతో పాటు ఆవిడా అతుక్కుపోయింది. కూతురు వచ్చే ఆదివారాలు మాత్రం వాకరు పట్టుకుని మూలుగుతుంది. కూతురి కారు గేటు దాటగానే వాకరు మీద తువ్వాలు ఆరేసి, వరండాలో నాలుగు చుట్లు తిరుగుతుంది. ఇంటి నుంచి ఫోన్ మోగితే దిండు కిందకి తోసి, "నిద్రపోయానని చెప్పవే," అంటుంది. 'ఇంకా చికిత్స అవసరం' అని నెలనెలా కార్డు మీద రాసేది బిన్సీయే.

అంత చేస్తే పదికి మూడా?

"చేపల కూర?" లోపల షైబి అడుగుతోంది. బడిలో లెక్కల టీచరు. కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసి కూర్చుంది.

"రుచికేం, బాగానే ఉంటుంది. ముళ్లు తీసి పెట్టేవాళ్లేరీ? కొండమీదైతే పక్కనే కూర్చుని ఒక్కో ముల్లూ ఏరి పెడతారు."

బిన్సీ నోరు తెరుచుకుంది. ఈవిడ చేప తిన్నాక మిగిలే ముళ్ల వంక పిల్లి కూడా చూడదు.

"బెల్లు కొడితే?"

"ఇక్కడ పావుగంట. అక్కడ, చెయ్యి బెల్లు మీద ఉండగానే మనిషి ఎదురుగా ఉంటుంది."

"వీపు రుద్దడం, కాళ్లు పట్టడం?"

"ఇక్కడా? 'మీ చేతులకేమైంది?' అంటారు. అక్కడ అడక్కుండానే చేస్తారు. మంచినీళ్లు కూడా లేచి తెచ్చుకోనివ్వరు."

"టీవీ?"

"ఎనిమిదింటికి కట్టేస్తారు. రాజకీయ చర్చ సగంలో ఉండగా!"

చర్చ మొదలవగానే చెవుల్లో దూది పెట్టుకునే మనిషి!

అన్నక్కుట్టి గొంతు తగ్గించింది. "సాయంత్రం ఒక్క చిన్న పెగ్గు అడిగి చూడు. చేతిలో జపమాల పెడతారు."

బిన్సీ తలుపుకి చెవి ఆనించింది. అన్నక్కుట్టి అమ్మచ్చికి ఈ అలవాటు కూడానా? క్రిస్మస్‌నాడు అందరికీ వైన్ పోస్తే, దగ్గుమందులా ఉందని పక్కావిడ గ్లాసులో వంచేసిందే!

"అది కాగితం మీద రాయనులే," అంది షైబి. కానీ రాసింది. తర్వాత ఇంకో నాలుగు ప్రశ్నలడిగి, రెండు వైపులా కూడింది. "ఇక్కడ ముప్ఫై నాలుగు, అక్కడ ఎనభై తొమ్మిది. ఇంత తేడా ఉందని నాకిన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మచ్చీ?"

"నువ్వడిగితేగా మోళే, నా తల్లీ!"

"అక్కడ ఒక్క గదే ఉందట. ఇప్పుడే ఫోన్ చేసి ఖాయం చేస్తాను. సోమవారం చేర్చేద్దాం."

"తొందరగా కానియ్. ఎవరైనా తన్నుకుపోతారు."

షైబి ఫోన్ చెవికి పెట్టుకుని కారు వైపు వెళ్లిపోయింది.

బిన్సీ లోపలికొచ్చింది. టీ పళ్లెం బల్ల మీద ఠక్కున పెట్టింది. మంచం కింద నుంచి పెట్టె లాగి, కొక్కేలకు వేలాడుతున్న తెల్లటి చట్ట రవికెలు, ముండు పంచెలు మడిచి అందులో కుక్కడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావే?"

"సర్దుతున్నాను. ఆలస్యమైతే ఎవరైనా తన్నుకుపోతారుగా."

"ఓహో. విన్నావన్నమాట."

"విన్నాను. చల్లారిన టీ కూడా తెచ్చాను. ఆ గ్లాసు పట్టుకుని చూడండి, వేళ్లు బొబ్బలెక్కకపోతే అడగండి!" బిన్సీ ఇంకో చట్ట పెట్టెలో కుక్కింది. "మీకోసం ఏడు నెలల నుంచి దొంగ కార్డులు రాస్తున్నాను. రేపు ఫాదర్ నన్ను నవ్వుతూ సాగనంపుతాడు. పోతే పోనీండి. మా దగ్గర మీకు ఏం తక్కువైందో, అది ఒక్కటి చెప్పి వెళ్లండి."

అన్నక్కుట్టి మంచం దిగింది. వాకరు వంక చూడనైనా చూడకుండా వచ్చి, పెట్టెలోంచి చట్టలు ఒక్కొక్కటీ తీసి, దులిపి, మళ్లీ కొక్కేలకు తగిలించింది. టీ గ్లాసు అందుకోబోయి, వేళ్లు కాలి, చీర కొంగులాగా ముండు చివరతో పట్టుకుని, ఊదుకుంటూ ఒక గుక్క తాగింది.

"పిచ్చి మొహమా, ఇన్ని అబద్ధాలాడి ఆ కొండమీద గది పట్టించింది నాకనుకున్నావా, వస్తే ఇక్కడికే వస్తానని మొండికేస్తున్న మా ఆయనకి!"