ఎరుపు పట్టని ప్లేటు

"పచ్చదీపమే సూసాను బావా. ఈ కళ్ళతో సూసాను," అన్నాడు త్రినాథరావు.

"సిగ్నలు కేబిన్ మనిషి ఎర్రదీపం అంటున్నాడు కదా," అన్నాడు ఆదినారాయణ తల దించుకుని.

చిన్నమ్మి విసురుగా లేచింది. "ఏటన్నియ్యా! లోకమంతా అన్నట్టే నువ్వూ అంటావేటి? నీ సెల్లెలి మొగుడు అబద్దాలాడతాడా?"

త్రినాథరావు గూడ్సు డ్రైవరు. మూడు రోజుల క్రితం రాత్రి కర్గీ రోడ్ స్టేషను వైపు నుంచి బండి తెస్తూ, బిలాస్‌పూర్ యార్డులో ఆగి ఉన్న ఇంకో గూడ్సుని వెనక నుంచి గుద్దాడు. ఆ బండి గార్డు బ్రేకువానులోనే చనిపోయాడు. ఎర్రదీపం దాటి వచ్చాడని త్రినాథరావుని డ్యూటీలోంచి దింపేశారు. తెల్లారితే ఇంక్వైరీ. రుజువైతే ఉద్యోగం పోవడమే కాదు, జైలు.

"గుద్దింది ఎన్ని గంటలకి బావా?" అని ఉన్నట్టుండి అడిగాడు ఆదినారాయణ.

"ఏడూ నలభై రెండు."

ఆదినారాయణ గూడ్సు ఆఫీసులో గుమాస్తా. ఆఫీసు వదలగానే కెమెరా, మూడుకాళ్ళ స్టాండు సైకిలుకి కట్టుకుని బయల్దేరడం, వీధి దీపాల కింద, యార్డు దీపాల కింద ఫొటోలు తీయడం అతని పిచ్చి.

"ఓరి నాయనో! దానికి కాస్త ముందు దాకా నేను ఆ సిగ్నలుకి ఎదురుగానే ఉన్నాను. ఫొటో తీశాను. ఫొటో పడిన గాజు ప్లేటు ఇంకా కడగనే లేదు!"

"మరి నీకు ఏ దీపం కనబడింది?" అన్నాడు త్రినాథరావు ఆత్రంగా.

"ఫొటో ధ్యాసలో దీపం ఎవడు చూశాడు!"

"ఫొటోలో రంగులుంటాయేటి? ఏ దీపమైనా తెల్లగానే పడుద్ది గదా," అంది చిన్నమ్మి నీరసంగా.

"పడదు. ఈ ప్లేటుకి ఎరుపు కనబడదమ్మా. అందుకే ఎర్రదీపం ముందు పెట్టుకుని కడుగుతాం. ఆ రాత్రి సిగ్నలు ఎర్రగా ఉంటే అక్కడ ఏమీ పడదు. పచ్చగా ఉంటే చుక్క పడుతుంది."

వంటగది కిటికీలకి దుప్పట్లు కట్టారు. ఎర్రదీపం వెలుగులో ముగ్గురూ పళ్ళెం మీదకి వంగారు. మందునీళ్ళలో గాజు ప్లేటు మీద ముందు పట్టాలు తేలాయి. తర్వాత కేబిన్, తర్వాత సిగ్నలు స్తంభం. దాని కొసన, ఆవగింజంత చుక్క.

చిన్నమ్మి అన్న చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. త్రినాథరావు గోడకి చేరగిలబడ్డాడు.

మర్నాడు ఇంక్వైరీ గదిలో తెల్ల ఆఫీసరు భూతద్దం పెట్టి ఫొటోని పరీక్షించాడు. ఆదినారాయణ తనకు తెలిసిన ఇంగ్లీషులో ఎరుపు సంగతి వివరించాడు. ఒక ఎర్రదీపాన్నీ, ఒక పచ్చదీపాన్నీ పక్కపక్కన పెట్టి తీసిన ఇంకో ఫొటో కూడా చూపించాడు. అందులో పచ్చదీపం ఒక్కటే పడింది.

"ఇది ఎన్ని గంటలకి తీశావు?"

"ఏడూ ముప్ఫై ఆరు నుంచి నలభై ఒకటి దాకా సార్. అయిదు నిమిషాలు తెరిచి ఉంచాను. మా బావ ఇంజను దీపం దూరంగా కనబడగానే, ప్లేటు పాడవుతుందని మూసేశాను."

"ముందు బండి లోపలికి వెళ్ళింది ఏడూ ముప్ఫై నాలుగుకి. వెంటనే ఎర్రదీపం వేశానని కేబిన్ మనిషి చెప్పాడు." ఆఫీసరు మళ్ళీ ఫొటో మీదకి వంగాడు. "ముందు నిలబడ్డ ఈ నీడ ఎవరిది?"

"ఎవరో ఖలాసీ సార్. దీపం పట్టుకుని పట్టాల పక్కన పోతున్నాడు. బొమ్మకి అందంగా ఉంటుందని నిలబెట్టాను. మొహం చీకట్లో ఉండిపోయింది."

"మంచి ఫొటో," అన్నాడు ఆఫీసరు. త్రినాథరావు వైపు తిరిగి, "నువ్వు చూసింది పచ్చదీపమే. నీ తప్పు లేదు," అన్నాడు.

త్రినాథరావు బెంచీ మీద కూలబడ్డాడు. వరండాలో చిన్నమ్మి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆదినారాయణకి అంతటితో తృప్తి కలగలేదు. మూడు రోజుల కోపం ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది.

"కేబిన్ కూడా చూడండి సార్! లోపల దీపం వెలుగుతోంది, కిటికీలో మనిషి లేడు. డ్యూటీ వదిలేసి ఎక్కడికి పోయాడు? ఒక ప్రాణం తీసి, నేరం మా బావ మీదకి తోశాడు. అలాంటివాణ్ణి ఊరికే వదలకూడదు. పిలిచి, నా ఎదురుగా అడగండి!"

ఆఫీసరు తల ఊపాడు. ప్యూను వెళ్ళి కేబిన్ మనిషిని తీసుకొచ్చాడు. అమ్మన్న. యాభై దాటిన మనిషి, బక్కపలచగా ఉన్నాడు. లోపలికి వస్తూనే బల్ల మీద ఫొటో చూశాడు.

"ఏడున్నర దాటాక నువ్వు కేబిన్‌లో లేవు. ఎక్కడున్నావు?" హిందీలో గద్దించాడు ఆఫీసరు.

అమ్మన్న ఫొటో వైపే చూస్తున్నాడు.

"చెప్పు! ఆ అయిదు నిమిషాలూ ఏం చేస్తున్నావు?" అని అరిచాడు ఆదినారాయణ తెలుగులో.

ఆ గొంతు వినగానే అమ్మన్న తలెత్తి అతని మొహంలోకి చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు. నెమ్మదిగా రెండు చేతులూ జోడించాడు.

"ముందు బండి ఎనకదీపం సూడ్డానికి కిందకి దిగినాను బాబూ. బండంతా లోనికొచ్చిందని సూసుకుని, పైకెళ్ళి ఎర్రదీపం ఎయ్యాల. పనుంది, ఒగ్గీయండి అన్నాను. అయిదు నిమిషాల్లో కొంపలేటీ మునిగిపోవు, కదలకుండా నిలబడు అన్నది తమరే గదా!"